ముంబయి బదిలీ – భోజనం సంగతి

(ముంబయికి బదిలీ అయిన సిబ్బంది, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బదిలీ ఆర్డర్లు వచ్చినవారితోపాటు ఇంటివాళ్లను కూడా పిలిచినందుకు మన జోనల్ ఆఫీసుకు ముందుగా ధన్యవాదాలు. లీజు ఇల్లు, పిల్లల అడ్మిషన్లు, లోకల్ రైలు పాసు గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు మిగిల్చింది భోజనం. "మేడమ్, అక్కడ మన భోజనం ఎక్కడ దొరుకుతుంది?" అని ఇందాక టీ దగ్గరే ముగ్గురు అడిగారు. మా వారినీ పిల్లలనూ విజయవాడలో ఉంచి నేను ముంబయిలో నాలుగేళ్లు ఒక్కదాన్నే ఉన్నాను. తిని చెబుతున్న మాటలే ఇవి.

మనవాళ్లలో చాలామంది ఇలాగే ఒక్కరే వెళ్తారు. వాళ్లకు చిక్కు మధ్యాహ్నం కాదు, రాత్రి. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీను ఏదో ఒకటి పెడుతుంది. రాత్రి లోకల్‌లో నిలబడి ఇల్లు చేరాక స్టవ్ వెలిగించే ఓపిక ఉండదు. మా క్వార్టర్స్‌లో ఒకాయన ఏడాదిపాటు బ్రెడ్డు, అరటిపండ్లతో రాత్రులు గడిపారు. మనిషి సగమయ్యారు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం "ఆఁ, భోంచేశాను" అనేవారు. కాబట్టి ఇక్కడ ఉండిపోయే ఇంటివాళ్లకు నా మనవి: "భోంచేశారా" అని అడక్కండి. "ఎక్కడ తిన్నారు, ఏం తిన్నారు" అని అడగండి.

ఇక చోట్లు. అన్నం మీద బెంగ పుడితే మాటుంగా వెళ్లండి. సెంట్రల్ లైన్‌లో మాటుంగా స్టేషన్, తూర్పు వైపు. పశ్చిమ లైన్‌లో మాటుంగా రోడ్ అని ఇంకొకటి ఉంది, అది వేరు. స్టేషన్ ఎదురుగానే మేడ మీద రామా నాయక్ గారు 1942లో పెట్టిన ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగ్. అరటాకులో భోజనం. సాంబారు కాస్త తియ్యగా తగులుతుంది, మన కారం ఉండదు. నేను హ్యాండ్‌బ్యాగులో కందిపొడి పొట్లం తీసుకెళ్లేదాన్ని, ఎవరూ ఏమీ అనలేదు. దగ్గర్లోనే రామ్ ఆశ్రయ, కింగ్స్ సర్కిల్ వైపు కెఫే మద్రాస్. ఆదివారం ఉదయం వెళ్తే ఫుట్‌పాత్ మీద పేరు రాయించుకుని నిలబడాలి. ఇవన్నీ ఊరొదిలి ఉద్యోగానికి వచ్చిన దక్షిణాదివాళ్ల కోసం పుట్టినవే. రుచి కూడా అందుకే నిలిచిందని నా నమ్మకం.

ఫోర్టు ప్రాంతంలో పోస్టింగ్ అయితే, జీతం వచ్చిన వారంలో ఒకసారి బల్లార్డ్ ఎస్టేట్‌లోని బ్రిటానియాకు వెళ్లండి. 1923 నాటి పార్సీ హోటలు. మాంసాహారులు బెర్రీ పులావు తినకుండా రావద్దు. ఇరానీ హోటళ్ల బ్రన్ మస్కా, చాయ్ గురించి నేను చెప్పక్కర్లేదు, వెళ్లిన వారంలోనే మీకు అలవాటవుతుంది.

కానీ రోజూ హోటల్లో తినలేం. జేబూ ఒప్పుకోదు, కడుపూ ఒప్పుకోదు. ముంబయి దీనికి ఎప్పుడో ఒక దారి కనిపెట్టింది. దాని పేరు ఖానావళ్. పరేల్, లాల్‌బాగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు పెళ్లాంబిడ్డల్ని కొంకణ్, సతారా ఊళ్లలో వదిలి వచ్చేవారు. మన తెలంగాణ పద్మశాలీలు కూడా ఆ మిల్లులకు వెళ్లినవారే. ఆ ఒంటరి మగవాళ్లకు చాల్‌లోని ఆడవాళ్లు తమ ఒంటిగదిలోనే వండిపెట్టేవారు, నెలకింత అని. సరుకులు కిరాణా కొట్టులో అప్పు. 1974లో మిల్లు సమ్మె వచ్చి జీతాలు ఆగాయి. ఆ ఆడవాళ్లు మాత్రం వండటం ఆపలేదు. అప్పు వాళ్ల నెత్తిన పడింది.

ఇక్కడ మన వృత్తి ప్రస్తావన వస్తుంది. ప్రేమా పురవ్ అనే కార్మిక నాయకురాలు 1975లో ఈ ఆడవాళ్లను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండలి పెట్టారు. ఆవిడ భర్త దాదా పురవ్ బ్యాంకు ఉద్యోగుల సంఘం నాయకుడు. ముందుగా 14 మందికి ఒక జాతీయ బ్యాంకు నుంచి అప్పు ఇప్పించారు. 1969లో జాతీయం చేసిన బ్యాంకులూ 14 అని మనకు తెలుసు. ఆ లెక్క కలవడం నాకు ముచ్చటగా ఉంటుంది. పొలం లేదు, బంగారం లేదు, ఇల్లు అద్దెది. అలాంటివారి దరఖాస్తు మీద సంతకం పెట్టిన బ్రాంచి మేనేజరు ఎవరో గానీ, ఆయన టేబులు ముందు నేనే కూర్చుని ఉంటే ఏం చేసేదాన్నని చాలాసార్లు ఆలోచించాను. వాళ్లు కిరాణా కొట్టు అప్పు నుంచి బయటపడ్డారు. ఆ దారిన వేలమంది నడిచారు. 2002లో ప్రేమా పురవ్‌కు పద్మశ్రీ వచ్చింది.

1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒక మిల్లు స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. ఖానావళ్లు తగ్గాయి. అయినా దాదర్, గిర్‌గావ్, లాల్‌బాగ్ సందుల్లో "పోళీ భాజీ కేంద్రం" అనే బోర్డులు వెతకండి. మన కర్రీ పాయింట్ లాంటివి, కాకపోతే చపాతీ కూడా వేడిగా ఇస్తారు. నా నాలుగేళ్ల రాత్రులు అక్కడే గడిచాయి. బెల్లం, గోడా మసాలా వేసిన ఆమ్టీ అనే పప్పు మొదట్లో వింతగా ఉంటుంది. థాలీపీఠ్ చూస్తే మాత్రం తెలంగాణవాళ్లకు సర్వపిండి గుర్తొస్తుంది. ఆ కేంద్రం ఆవిడ నన్ను "తాయి" అనేది, అంటే అక్క. నేను రెండు రోజులు కనబడకపోతే మూడోరోజు ఒంట్లో బాగాలేదా అని అడిగేది. వెళ్లిన మొదటి వారంలోనే ఇలాంటి చోటు ఒకటి చూసుకోండి. కర్టెన్లు తర్వాత కొనుక్కోవచ్చు.

కుటుంబంతో వెళ్లేవారికి డబ్బావాలాలు ఉన్నారు. ఉదయం ఇంటి నుంచి క్యారేజీ తీసుకెళ్లి మధ్యాహ్నానికి ఆఫీసులో ఇస్తారు, ఖాళీది సాయంత్రానికి ఇల్లు చేరుస్తారు. మీ ప్రాంతానికి వచ్చే మనిషి ఎవరో పక్కింట్లో అడిగితే చెబుతారు. డబ్బా మూత మీద రంగుతో ఏవో అక్షరాలు, అంకెలు రాస్తారు. అది మీ ఆఫీసు చిరునామా. మనవాళ్ల శుభ్రత నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, పీచు పెట్టి తోమి దాన్ని పోగొట్టకండి.