యాక్సిలరేటర్ తొక్కితే టిక్ టిక్... ఇంజిన్ దించే ముందు ఈ మూడు టెస్టులు చేయండి

ఈరోజు టాపిక్ ఒక సౌండ్. కారు స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. రోడ్డెక్కి యాక్సిలరేటర్ తొక్కగానే బానెట్ లోంచి టిక్ టిక్ టిక్. మనలో చాలామంది ముందు చేసే పని పాటల వాల్యూమ్ పెంచడం. తర్వాత ఎవరో "ఇంజిన్ దించాలి" అంటే భయపడి సరే అనేయడం. రెండూ వద్దు.

ఈ వీడియోల్లోకి రాకముందు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని మీకు తెలుసు కదా. అక్కడ బగ్ వస్తే వెంటనే కోడ్ మార్చం. ఏ కండిషన్‌లో వస్తోందో ముందు పట్టుకుంటాం. కారుకీ అంతే. ఈ సౌండ్ దేని వెంట పరిగెడుతోంది? ఇంజిన్ స్పీడ్ వెంటా, చక్రం వెంటా, ఇంజిన్ మీద పడే లోడ్ వెంటా? ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

టెస్టులకి ముందు ఒక్క చెక్. కారు చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే టిక్కుకి కారణం అదే కావచ్చు. బండి నడుస్తుండగా మీటర్‌లో ఆయిల్ క్యాన్ బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం టెస్టులు లేవు, ఏమీ లేవు. పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. "షెడ్డు దాకా మెల్లగా పోనిద్దాం" అనుకుంటే చిన్న రిపేరు కాస్తా కొత్త ఇంజిన్ దాకా వెళ్తుంది.

టెస్ట్ ఒకటి. బండి ఆరుబయట పెట్టండి, మూసిన గ్యారేజీలో వద్దు, పొగ ప్రాణానికే ప్రమాదం. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో 2500 ఆర్‌పీఎం దాకా లేపండి. నిలబడి ఉన్నప్పుడు కూడా టిక్ వచ్చి, ఆర్‌పీఎంతో పాటు పెరిగితే అది ఇంజిన్ స్పీడ్‌ని ఫాలో అవుతోందన్నమాట. మొదటి అనుమానం వాల్వులు. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకి 25 సార్లు తెరుచుకుంటుంది. అక్కడ గ్యాప్ కాస్త పెరిగితే కుట్టుమిషన్ నడుస్తున్నట్టు వినిపిస్తుంది. చాలా బండ్లకి టాపెట్ సెట్టింగ్‌తో సరిపోతుంది. అదే సన్నటి టిక్ కాకుండా, కింద నుంచి సుత్తితో కొట్టినట్టు బరువైన ఠక్ ఠక్ వస్తే బేరింగ్ మీద అనుమానం. ఆ బండిని నడపకండి, టో చేయించండి.

సీఎన్‌జీ బండి ఉన్నవాళ్లు ఇంకొకటి చూడండి. స్విచ్ నొక్కి పెట్రోల్ మీదకి మార్చండి. టిక్ మాయమైతే అది గ్యాస్ ఇంజెక్టర్ల సౌండ్. వాటికి కొంత చప్పుడు మామూలే.

టెస్ట్ రెండు. ఖాళీ రోడ్డు మీద 40 కి.మీ. స్పీడ్‌లో ఒకసారి సెకండ్ గేర్, అదే స్పీడ్‌లో ఒకసారి థర్డ్ గేర్. బండి స్పీడ్ మారలేదు, ఇంజిన్ స్పీడ్ మారింది. టిక్కుల వేగం మాత్రం మారకపోతే అది చక్రం దగ్గరిది. టైరు గాడిలో ఇరుక్కున్న కంకర రాయి చాలు. 60 కి.మీ. స్పీడ్‌లో చిన్న కారు చక్రం సెకనుకి దాదాపు 9 సార్లు తిరుగుతుంది, ఆ రాయి 9 సార్లు టిక్ అంటుంది. స్టీరింగ్ బాగా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడే కట్ కట్ అంటే డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్ చూపించండి.

టెస్ట్ మూడు. నిలబడి రేజ్ చేస్తే పెద్దగా లేదు, రోడ్డు మీద తొక్కితే గట్టిగా వస్తోంది, కాలు తీస్తే తగ్గిపోతోంది. ఇది లోడ్. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు పై గేర్‌లో, తక్కువ ఆర్‌పీఎంలో తొక్కితే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వస్తుంది చూశారా, అది పింగింగ్. లోపల ఇంధనం సమయం తప్పి మండుతోంది. ముందు గేర్ తగ్గించండి. అయినా వస్తుంటే ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్, లోపల పేరుకున్న కార్బన్ చెక్ చేయించాలి.

ఇక్కడే రెండో అనుమానం, ఎగ్జాస్ట్ లీక్. దీనికి మా బావ కారే ఉదాహరణ. పాత పెట్రోల్ బండి. ఒకచోట చూపిస్తే "హెడ్ దించాలి, 35 వేలు" అన్నారు. పాప స్కూల్ ఫీజు కోసం దాచిన డబ్బు అది. ఫోన్ చేసి నన్ను అడిగాడు. "బావా, రేపు పొద్దున్నే స్టార్ట్ చేయకముందు నుంచి వీడియో తీయి, పదిహేను నిమిషాలయ్యాక ఇంకోటి తీసి పంపు" అన్నాను. చల్లగా ఉన్నప్పుడు టిక్ గట్టిగా ఉంది, వేడెక్కాక బాగా తగ్గింది. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే లీక్ ఇలా ప్రవర్తిస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టార్చ్ వేసి చూస్తే, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ హెడ్‌కి కలిసేచోట నల్లటి మసి చార. గ్యాస్కెట్ పోయింది, ఒక బోల్ట్ వదులైంది. ఖర్చు ఆ 35 వేలలో పదో వంతు కూడా కాలేదు.

చిన్న లీకే కదా అని వదిలేయకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, క్యాబిన్‌లోకి చేరితే మనుషులకే ముప్పు.

చివరిగా, మెకానిక్ అన్నలు మన శత్రువులు కాదు. "ఏదో సౌండ్ వస్తోందన్నా" అంటే ఆయన కూడా ఊహించాల్సిందే. "అన్నా, చల్ల ఇంజిన్ మీద ఎక్కువ, వేడెక్కాక తక్కువ, తొక్కితేనే వస్తోంది, ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంది" అని చెప్పి వీడియో చూపించండి. ఆయన నేరుగా అక్కడికే వెళ్తాడు. హెడ్ దించాలంటే "ఏం చూసి అలా అనుకుంటున్నారన్నా?" అని మర్యాదగా అడగండి. తెలిసినవాడు చూపించి చెప్తాడు.

మీ బండి సౌండ్ గురించి కామెంట్‌లో రాసేటప్పుడు మూడూ రాయండి: నిలబడి రేజ్ చేస్తే ఎలా, గేర్ మారిస్తే ఎలా, చల్లగా ఉన్నప్పుడు ఎలా. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని కలిసి విందాం. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్తగా నడపండి.