వాల్యూమ్ ఐకాన్ ర్యామ్‌ని మింగేస్తుంటే ఏం చెయ్యాలి?

ఇవాళ లినక్స్ డెస్క్‌టాప్‌లో కాస్త విచిత్రమైన సమస్య చూద్దాం.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అనుకోండి. పొద్దున ఆన్ చేస్తే చక్కగా నడుస్తుంది. సాయంత్రానికి మౌస్ కూడా సరిగ్గా కదలదు. ఇంకాసేపటికి బ్రౌజర్ దానంతటదే మూసుకుపోతుంది, అందులో సగం నింపిన అప్లికేషన్ ఫారం కూడా పోతుంది. మనం బ్రౌజర్‌ని తిట్టుకుంటాం, లేదంటే ల్యాప్‌టాప్ పాతబడిపోయింది, కొత్తది కొనాలి అనుకుంటాం. తీరా చూస్తే అసలు దొంగ మూలన కూర్చున్న స్పీకర్ బొమ్మ, అంటే వాల్యూమ్ కంట్రోల్ కావచ్చు.

మరి బ్రౌజర్ ఎందుకు మూసుకుపోయింది? మెమరీ పూర్తిగా అయిపోతే లినక్స్ కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపేసి చోటు చేసుకుంటుంది. దీన్ని ఊమ్ కిల్లర్ అంటారు. అది ముఖ్యంగా చూసేది ఇప్పుడు ఎవరు ఎక్కువ మెమరీ వాడుతున్నారు అని. పొద్దుటి నుంచీ ఎవరు పెరుగుతూ వచ్చారు అన్నది దానికి పట్టదు. అందుకని సాధారణంగా బ్రౌజరే బలవుతుంది. కాబట్టి పెద్ద అంకె వేరు, పెరిగే అంకె వేరు. ఇవాళ మనం పట్టుకోవాల్సింది పెరిగే అంకెని.

ముందు టెర్మినల్ తెరిచి టాప్ అని కొట్టండి. తర్వాత క్యాపిటల్ ఎమ్ నొక్కండి. ఎక్కువ మెమరీ వాడేవి పైకి వస్తాయి. ఇక్కడ మూడు కాలమ్స్ చూడండి: వర్ట్, రెస్, ఎస్‌హెచ్‌ఆర్. చాలామంది వర్ట్ చూసి కంగారుపడతారు. వర్ట్ అంటే ప్రోగ్రామ్ తనకోసం రాసిపెట్టుకున్న అడ్రస్‌ల మొత్తం, నిజంగా వాడిన ర్యామ్ కాదు. ఉదాహరణకి, పల్స్ ఆడియోతో మాట్లాడే ప్రోగ్రామ్ శబ్దం పంపుకోవడానికి మామూలుగా 64 ఎంబీ షేర్డ్ మెమరీని పక్కన పెట్టుకుంటుంది. అది వర్ట్‌లో కనిపిస్తుంది గానీ, అంతా ఖర్చయినట్టు కాదు. మనకి కావాల్సింది రెస్. అందులోంచి ఎస్‌హెచ్‌ఆర్ తీసేస్తే ఆ ప్రోగ్రామ్ సొంతంగా తింటున్నది సుమారుగా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. వాల్యూమ్ ప్రోగ్రామ్ పక్కన ఉన్న పిఐడి నంబర్ రాసుకోండి. టాప్‌లోంచి క్యూ నొక్కి బయటికి రండి. పీఎస్ కమాండ్‌తో ఆ నంబర్‌కి ఆర్‌ఎస్‌ఎస్ ఎంతో అడగండి, స్క్రీన్ మీద చూపిస్తున్నాను. టాప్‌లో రెస్ అన్నదాన్నే ఇక్కడ ఆర్‌ఎస్‌ఎస్ అంటారు. అంకె కేబీల్లో వస్తుంది, 1024తో భాగిస్తే ఎంబీ. అది రాసుకుని, వాల్యూమ్‌ని 100 సార్లు పైకీ కిందికీ తిప్పండి. మళ్ళీ చూడండి. కాస్త పెరిగి ఉంటుంది. దాంతోనే లీక్ అని తేల్చెయ్యకండి. ఐకాన్లు, మెనూలు మొదటిసారి లోడ్ అయినప్పుడు ఏ ప్రోగ్రామైనా పెరుగుతుంది. ఇంకో 100 సార్లు తిప్పండి, మూడోసారి కూడా తిప్పండి. అంకె ఒకచోట ఆగిపోతే భయం లేదు. ప్రతిసారీ దాదాపు అంతే పెరుగుతూ పోతుంటే మాత్రం లీకే.

ఎందుకలా జరుగుతుంది? వాల్యూమ్ మారినప్పుడల్లా సౌండ్ సర్వర్ ఈ ప్రోగ్రామ్‌కి ఒక కబురు పంపిస్తుంది. అది కొత్త ఐకాన్ గీస్తుంది. పాత ఐకాన్ తాలూకు మెమరీని తిరిగి ఇవ్వకపోతే, ప్రతి కబురుకీ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది.

"నేను వాల్యూమ్ ముట్టుకోనే లేదు, అయినా పెరుగుతోంది" అంటారా? అప్పుడు ప్యాక్టిల్ సబ్‌స్క్రైబ్ అనే కమాండ్ నడపండి. స్క్రీన్ మీద పీఏసీటీఎల్ అని కనిపించేది ఇదే. సౌండ్ సర్వర్ పంపే కబుర్లన్నీ వరసగా కనిపిస్తాయి. ఏమీ చెయ్యకుండా ఒక నిమిషం చూడండి. మామూలుగా అయితే దాదాపు ఖాళీగా ఉండాలి. లైన్లు ఆగకుండా పరిగెడుతున్నాయంటే ఎవరో కదిలిస్తున్నట్టే. అందులో కార్డ్ మారింది అని పదే పదే వస్తుంటే హెడ్‌ఫోన్ జాక్ కదిపి చూడండి. వదులైపోయిన జాక్, పెట్టినట్టూ తీసినట్టూ సిగ్నల్ ఇస్తూ ఉంటుంది. వైరు తీయగానే లైన్లు ఆగిపోతే కారణం దొరికినట్టే. కానీ జాక్ బాగుచేయించినా సాఫ్ట్‌వేర్‌లో లీక్ అలాగే ఉంటుంది, నెమ్మదిస్తుంది అంతే.

ఇక మందు. మొదట ప్యాకేజీలు అప్‌డేట్ చెయ్యండి, లీక్‌ని ఈపాటికే ఎవరైనా సరిచేసి ఉండొచ్చు. తగ్గలేదా, ఆ ప్రోగ్రామ్‌ని ఆపేయండి. శబ్దం పోతుందేమో అని భయపడకండి. పాట వినిపించేది సౌండ్ సర్వర్, ఈ ఐకాన్ దానికి రిమోట్ లాంటిది. అయితే కొన్ని డెస్క్‌టాప్‌లలో కీబోర్డ్ వాల్యూమ్ బటన్లని చూసుకునేది కూడా ఇదే, అవి ఆగిపోవచ్చు. అప్పుడు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి బాణం గుర్తులతో సర్దుకోండి. లేదా కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆ బటన్లకి ప్యాక్టిల్ కమాండ్ తగిలించుకోండి.

ఐకాన్ ఉండాల్సిందే అంటే ఇంకో దారి. సిస్టమ్‌డీ ఉన్న ఇటీవలి డిస్ట్రోల్లో సిస్టమ్‌డీ రన్‌తో, మెమరీమ్యాక్స్ 100 ఎంబీ అని హద్దు పెట్టి దాన్ని నడపొచ్చు. హద్దు దాటితే ఆ ఐకాన్ ఒక్కటే పోతుంది, మీ బ్రౌజర్‌లో నింపుతున్న ఫారం జోలికి రాదు. ఇది తాత్కాలికం అని గుర్తుంచుకోండి.

శాశ్వతంగా పోవాలంటే డెవలపర్‌కి బగ్ రిపోర్ట్ పంపాలి. "మెమరీ ఎక్కువ తింటోంది" అని ఒక్క ముక్క రాస్తే వాళ్ళేం చెయ్యలేరు. ప్రోగ్రామ్ వెర్షన్, డిస్ట్రో, డెస్క్‌టాప్ పేరు రాయండి. సౌండ్ సర్వర్ ఏదో కూడా రాయండి. ఫెడోరా 34 నుంచి, ఉబుంటు 22.10 నుంచి పల్స్ ఆడియో స్థానంలో పైప్‌వైర్ వచ్చింది. మీ దగ్గర ఏది ఉందో ప్యాక్టిల్ ఇన్ఫో కొడితే సర్వర్ నేమ్ లైన్‌లో చెబుతుంది. తర్వాత ఇందాక రాసుకున్న అంకెలు పెట్టండి: మొదట ఎంత, 100కి ఎంత, 200కి ఎంత, 300కి ఎంత. ఆ నాలుగు అంకెలుంటే డెవలపర్ తన కంప్యూటర్‌లో అదే పరీక్ష చేసి లీక్‌ని పట్టుకోగలడు. ఇంగ్లీష్ గొప్పగా రాకపోయినా పర్లేదండీ, అంకెలు అందరికీ అర్థమవుతాయి.

కొత్త ల్యాప్‌టాప్‌కి డబ్బులు పెట్టే ముందు ఈ పరీక్ష ఒక్కసారి చేసి చూడండి, 10 నిమిషాల పని. వచ్చే ఎపిసోడ్‌లో స్వాప్ ఎంత పెట్టుకోవాలో మాట్లాడుకుందాం.