మన ముద్ర మీద ఏ మాట ఉండాలి?



మన సోలాపూర్ బిడ్డ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1938లో చైనాకు పోయి, గాయపడ్డ సైనికులకు వైద్యం చేస్తూ 1942లో అక్కడే కన్నుమూసిన సంగతి మనకు తెలిసిందే. అక్కడ ఆయన్ను కె దిహ్వా అని పిలిచిన్రు. 'హ్వా' అంటే చైనా. కొడుకుకు యిన్‌హ్వా అని పేరు పెట్టిన్రు. 'యిన్' అంటే ఇండియా. ఒక్క పేరులో రెండు దేశాలు ఇమిడినయి.

ఆ దేశంలో చిత్రకారులు రాతి మీద ముద్ర చెక్కి, ఎర్ర ముద్దలో అద్ది, బొమ్మ మీద వేస్తరు. ఒకటి పేరు ముద్ర, ఇంకోటి మనసుకు నచ్చిన మాట ముద్ర. తెల్ల నేల మీద ఎర్ర అక్షరాలు ఒక తీరు, ఎర్ర నేల మీద తెల్ల అక్షరాలు ఇంకో తీరు. మన చద్దరు తిరగేస్తే రంగులు మారినట్టే! జాగా బొటనవేలంత. అందుకే మాట ఏరుకోవడమే అసలు పని.

చీ బైషి (1864–1957) చైనాలో పేరుమోసిన చిత్రకారుడు. చిన్నప్పుడు వడ్రంగి. మనకు భావనారుషి ఎట్లనో, వాళ్ల వడ్రంగులకు లూ బాన్ అట్ల. ఎంత పేరు వచ్చినా 'లూ బాన్ గడపవాణ్ణి' అనే అర్థం వచ్చే ముద్ర వేసుకున్నడు. చేసిన పనిని దాచుకోలేదు.

మరి మనం? మేము చేసిన తప్పు చెప్తం. ఒక వ్యాపారి తన పేరు నేయమంటే, జకార్డు అట్టలు మార్చి ఏళ్ల తరబడి ఆ పేరే నేసినం. ఆర్డర్లు ఆగినంక "ఇది మా చద్దరు" అని చూపడానికి మా దగ్గర ఒక్క అక్షరం లేదు. సాంచాలు మావి, చెమట మాది, పేరు మాత్రం ఆయనది.

సోలాపూర్ చద్దరుకు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఊరి పేరును కాపాడుతది. ఇంటి పేరును మనమే నిలుపుకోవాలె.

మాట ఏరుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. అది నిజమా? మన పిల్లలు చదవగలరా? ఇంకొకరు పెట్టుకుంటే అబద్ధమైతదా? 'బెస్ట్', 'సూపర్' ఎవరైనా పెట్టుకోవచ్చు. ఇంటిపేరు, ఊరు, 'నేసినవారు' అనే మాట — ఈ మూడూ కలిస్తే మనవే. మరాఠీ బడిలో చదివే పిల్లల కోసం తెలుగులో ఒక వరుస, మరాఠీలో ఒక వరుస పెడదాం.

ఈ వారం ఇంట్లో అందరూ కూర్చోండి. కండెలు చుట్టిన అమ్మమ్మను, నాయనమ్మను కూడా అడగండి. మీరు ఏరుకున్న మాట కాగితం మీద రాసి వచ్చే సమావేశానికి తెండి. అందరం కలిసి చదువుకుందాం.

సెలవు.