మందపు ఇనుమునకు తగిన రంపపు బ్లేడు

(గ్రామ వృత్తిపనివారల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు మన గ్రామములలో కర్రుకు, కొడవలికి, బండిచక్రపు పట్టాకు మాత్రమే కొలిమి రాజుకొనెడిది. నేడు బోరు గొట్టములు, రేకుల షెడ్డులకు వేయు యాంగిల్ ఇనుము, చానెళ్ళు, ట్రాక్టరు దమ్ము చక్రములు, ట్రాలీ ఇరుసులు కోయవలసి వచ్చుచున్నది. ఈ కోతకు గ్యాసు కటింగు కలదు, గ్రైండరు కలదు, చేతి హాక్సా కలదు. వీటితోపాటు రెసిప్రొకేటింగ్ రంపమను యంత్రము కూడ కొన్ని దుకాణములలోనికి వచ్చినది. మోటారు తిరుగుచుండగా దీని బ్లేడు ముందునకును వెనుకకును ఆడును. అమెరికాలోని మిల్వాకీ కంపెనీ 1951లో 'సాజాల్' అను పేర ఇట్టి చేతి యంత్రమును అమ్మకమునకు తెచ్చినది. నేడు కరెంటు తీగతో నడచునవియు, బ్యాటరీతో నడచునవియు దొరకుచున్నవి.

దీనిని కొనినవారు మాతో చెప్పు ఫిర్యాదు తరచుగ ఒక్కటే. "యంత్రము మంచిదే కాని బ్లేడు నిలువదు, అరంగుళము ఇనుము తెగకమునుపే పళ్ళు రాలిపోవుచున్నవి" అందురు. విచారించి చూడగా కొందరు కఱ్ఱ కోయు బ్లేడుతో ఇనుమును కోయుచున్నారు. మరికొందరు రేకు కోయు బ్లేడుతో కమ్మీని కోయుచున్నారు. తెగుట లేదని యంత్రముపై బలమంతయు మోపుచున్నారు. దానితో బ్లేడు వంగి విరుగుట, విరిగిన ముక్క ముఖమునకు తగులుట సంభవించుచున్నది. కావున నేడు మేము యంత్రమును గూర్చి గాక బ్లేడును గూర్చియే చెప్పదలచితిమి.

బ్లేడు ప్యాకెట్టుపై 'టి.పి.ఐ.' అని ఒక అంకె యుండును. అంగుళమునకు ఎన్ని పళ్ళున్నవో ఆ అంకె తెలుపును. కోత సాగునంతసేపు కనీసము మూడు పళ్ళు లోహమును తాకుచుండవలెను. అంతకు తక్కువైనచో భారమంతయు ఒక పంటిపైననే పడి, అది లోహపు అంచునకు తగులుకొని విరుగును. 24 పళ్ళ బ్లేడులో పంటికిని పంటికిని నడుమ దూరము ఇంచుమించు 1 మిల్లీమీటరు. 14 పళ్ళ దానిలో 1.8, 8 పళ్ళ దానిలో 3.2 మిల్లీమీటర్లు. కావున పలుచని రేకులకు 24 లేక 18 పళ్ళది, 4 లేక 5 మిల్లీమీటర్ల లోహమునకు 14 పళ్ళది, అంతకు మించిన మందమునకు 10 లేక 8 పళ్ళది తీసికొనవలెను.

పళ్ళు ఎక్కువైనకొలది కోత చుఱుకుగా సాగునని పలువురు తలంతురు. మందపు ఇనుము విషయమున ఇది సరికాదు. పన్ను లోహమును గీచినపుడు వచ్చు రజను ఆ పంటి ముందున్న సందులో చేరి, బ్లేడు వెలుపలికి వచ్చినప్పుడు రాలిపోవలెను. లోహము మందమైనకొలది రజను ఎక్కువగును. చిన్న సందు నిండిపోవును. నిండిన పిమ్మట పన్ను కోయదు, రాచుకొనును. రాపిడివలన వేడియు, వేడివలన పంటి మెత్తదనమును కలుగును. రెండంగుళముల కమ్మీకి 24 పళ్ళ బ్లేడు పట్టుట గరిటెతో చెఱువు పూడిక తీయుటవంటిది.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. గొట్టమునకు పళ్ళు ఎంచుటలో చూడవలసినది దాని గోడ మందము, వ్యాసము కాదు. నాలుగంగుళముల గొట్టమునకు గోడ 4 మిల్లీమీటర్లే యున్నచో 14 పళ్ళ బ్లేడే తగినది. బ్లేడు పొడవును మాత్రము వ్యాసమును బట్టియే నిర్ణయింపవలెను. బ్లేడు ఆడు దూరము సామాన్యముగా అంగుళము మొదలు అంగుళముంబావు వరకు నుండును. వెనుకకు వచ్చినప్పుడును బ్లేడు కొన గొట్టము ఆవలి గోడను దాటియే యుండవలెను. లేనిచో ముందుకు పోవునపుడు కొన లోపలి గోడకు గ్రుద్దుకొని వంగును. పై గొట్టమునకు ఆరంగుళముల బ్లేడు చాలదు, తొమ్మిదంగుళములది కావలెను. అట్లని రెండంగుళముల కమ్మీకి పండ్రెండంగుళముల బ్లేడు తగిలించినచో అది కొరడావలె ఊగి కోత వంకరపోవును. మందపు పనికి బ్లేడు వెడల్పుగను, దళసరిగను ఉండుట మేలు. 0.9 మిల్లీమీటర్ల మందము గలది త్వరగా వంగును, 1.3 లేక 1.6 మిల్లీమీటర్లది నిటారుగా నిలచును.

ఇక బ్లేడు దేనితో చేయబడినదను ప్రశ్న. చౌకగా దొరకు కార్బన్ ఉక్కు బ్లేడు పన్ను రెండు మూడు వందల సెంటీగ్రేడు డిగ్రీల వేడికే గట్టితనము కోల్పోవును. అది కఱ్ఱకును, ప్లాస్టిక్ గొట్టమునకును పరిమితము. బై మెటల్ అను రకములో వెన్ను స్ప్రింగు ఉక్కుతోను, పళ్ళ అంచు హై స్పీడ్ స్టీలుతోను చేసి రెంటిని అతుకుదురు. వెన్ను వంగినను విరుగదు, పన్ను దాదాపు 600 డిగ్రీల వరకు గట్టిగా నిలచును. మన దుకాణములలో వచ్చు యాంగిల్ ఇనుము, చానెలు, జి.ఐ. గొట్టము, మెత్తని కమ్మీ - వీటికి ఇది చాలును. మూడవది ప్రతి పంటికొనను టంగ్‌స్టన్ కార్బైడు తునుక అతికించినది. దీని వెల బై మెటల్ బ్లేడునకు పలు రెట్లుండును. పోత ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు, గట్టి బోల్టులు తరచుగ కోయువారికే ఇది గిట్టుబాటగును; ఏడాదికి రెండు మారులు గొట్టము కోయు రైతు దీనిని కొనుట వృథా వ్యయమని మా అభిప్రాయము.

ఏది ఏ ఉక్కో ఎట్లు తెలియును? దానికి మీ ఆకురాయి చాలును. కోయవలసిన తావున ఒకసారి రాచి చూడుడు. ఆకురాయి చక్కగా తినినచో బై మెటల్ బ్లేడు కోయును. అరకొరగా గీకినచో కార్బైడు బ్లేడు కావలెను. గాజుపై వలె జారిపోయినచో ఏ బ్లేడును పాడుచేసికొనవలదు, గ్రైండరును ఆశ్రయింపవలెను.

లారీ కమాను కట్టను కత్తులకు, కొడవళ్ళకు కోయు కమ్మరి సోదరులకు వేఱొక మార్గము కలదు. కట్టను అయస్కాంతము అంటుకొననంతవరకు ఎఱ్ఱగా కాల్చి, పొడి బూడిదలో లోతుగా పూడ్చి, రాత్రియంతయు కదలింపక యుంచినచో ఉక్కు మెత్తబడును. మరునాడు బై మెటల్ బ్లేడే దానిని కోయును. పనిముట్టు రూపొందిన పిమ్మట మరల కాల్చి గట్టిపరచుకొనవలెను. వాహనమునకు తిరిగి బిగింపవలసిన కట్టను మాత్రము ఇట్లు కాల్చరాదు. ఈ విద్య మనకు క్రొత్తది కాదు; నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పూర్వము పారశీక వర్తకులు వచ్చెడివారు.

ఇక కోయు విధము. చేతి హాక్సా ముందునకు నెట్టినపుడు కోయును. ఈ యంత్రపు బ్లేడు వెనుకకు లాగినపుడు కోయును. కావున యంత్రము ముందున్న పాదమువంటి పట్టెను కోయు వస్తువునకు గట్టిగా ఆనించి పట్టవలెను. పట్టె ఎడమైనచో కోత సాగదు, యంత్రమే ఎగిరెగిరి పడును. కోతకు ఊపునిచ్చు 'ఆర్బిటల్' మీట కఱ్ఱకు ఉద్దేశింపబడినది. లోహమునకు దానిని ఆపవలెను. నిమిషమునకు మూడు వేల ఊపుల వరకు ఆడు యంత్రములు కలవు. మందపు ఇనుమునకు అంత వేగము తగదు. సగమో, అంతకు తక్కువో చాలును. స్టెయిన్‌లెస్ స్టీలునకు ఇంకను తగ్గింపవలెను. పొగ లేచినను, బ్లేడు రంగు మారినను వేగము మించినదని గ్రహింపుడు. నడుమ నడుమ రెండు చుక్కలు కటింగ్ ఆయిలు వేయుట మంచిది. కిరోసిను పోయుట ప్రమాదకరము. పోత ఇనుములో గ్రాఫైటు ఉండుటచే దానికి నూనె అక్కరలేదు.

ఊపు అంగుళము మాత్రమే గనుక పట్టెకు దగ్గరనున్న పళ్ళే మిక్కిలి అరుగును. తక్కినవి క్రొత్తవిగనే యుండును. పట్టెను ముందునకు జరుపు ఏర్పాటు ఉన్న యంత్రములో దానిని జరిపి, అరుగని పళ్ళను వాడుకొనవచ్చును. సగము కోసిన చోట బ్లేడు మార్చవలసి వచ్చినచో క్రొత్త బ్లేడును పాత గాటులో పెట్టరాదు. అరిగిన బ్లేడు చేసిన గాటు ఇరుకు. క్రొత్తది అందులో బిగిసికొని విరుగును. వస్తువును త్రిప్పి ఆవలివైపునుండి మొదలిడవలెను. తెగి పడనున్న ముక్కకు క్రింద ఆసరా ఉండవలెను.

ఈ రంపమునుండి గ్రైండరువలె నిప్పురవ్వలు ధారగా రావు. గడ్డివాముల చెంత పని చేయువారికి ఇది మేలు. జి.ఐ. గొట్టమును గ్యాసుతో కోసినపుడు లేచు జింకు పొగవలన రాత్రి చలిజ్వరము వచ్చుట వెల్డరులకు తెలిసినదే. ఇందులో ఆ బాధయు లేదు. అయినను డీజిలు, పెట్రోలు, రంగులు నింపిన పాత డ్రమ్మును దేనితోను కోయవలదు. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరి నిండు డ్రమ్ముకన్న ప్రమాదకరమైనది. ఒక్క రవ్వయో, బ్లేడు రాపిడి వేడియో చాలును. డ్రమ్ము ప్రేలి మనుష్యులు మరణించుట అరుదు కాదు.

ఇప్పుడు మిస్త్రీగారు వైసులో బిగించిన రెండంగుళముల కమ్మీని మొదట 24 పళ్ళ బ్లేడుతోను, పిదప 8 పళ్ళ బ్లేడుతోను కోసి చూపుదురు. గడియారము గలవారు రెండు కోతలకును పట్టిన కాలము చూడుడు. కంటద్దములు లేనివారు నాలుగు గజములు వెనుకకు జరుగ గోరుచున్నాము.