నల్లటి చారల్లో నక్షత్రాలు



యాంటెనా గెలాక్సీలని ఒక జంట ఉంది. మనకు సుమారు 7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు గెలాక్సీలు ఢీకొంటున్నాయి. హబుల్ అంతరిక్ష దుర్భిణి తీసిన ఫొటోలో నీలిరంగు నక్షత్ర గుచ్ఛాలు మిలమిలలాడుతుంటాయి. రెండూ కలిసే చోట మాత్రం గోధుమ రంగు మరకలు, నల్లటి చారలు. కొత్త నక్షత్రాలు ఎక్కడ పుడుతున్నాయని అడిగితే ఎవరైనా నీలిరంగు వైపే వేలు చూపిస్తారు. 1990లలో ఐరోపావారి ఐసో ఉపగ్రహం అదే చోటును పరారుణ కాంతిలో చూసింది. అన్నిటికన్నా ఉధృతంగా నక్షత్రాలు పుడుతున్నది ఆ చారల చాటునే అని తేలింది. 12.5 నుంచి 17 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల మధ్య ఆ జంట ఇచ్చే కాంతిలో దాదాపు 15 శాతం, ఫొటోలో ఎవరి కంటికీ ఆనని ఒక చిన్న ముక్క నుంచే వస్తోంది!

నక్షత్రం పుట్టాలంటే చల్లటి, దట్టమైన వాయుమేఘం కావాలి. ఆ వాయువుతోపాటు ధూళీ ఉంటుంది. బరువులో సుమారు నూరో వంతు; రేణువులు మైక్రాన్‌లో పదో వంతు, అంతకన్నా చిన్నవి. భారీ పసి నక్షత్రాలు ఎక్కువగా వెదజల్లేది అతినీలలోహిత కాంతి. ధూళి బాగా మింగేదీ దాన్నే. మింగి వేడెక్కి, పరారుణంగా తిరిగి ఇచ్చేస్తుంది. అంటే పుట్టుకలు ఎక్కువున్న చోటే తెరా దట్టం. నాకిది కాస్త అన్యాయంగానే తోస్తుంది.

తెర మందాన్ని కొలిచే ఉపాయం లేకపోలేదు. వేడి హైడ్రోజన్ వర్ణపటంలో ఇచ్చే ఎర్రటి గీత వెలుగుకూ నీలి గీత వెలుగుకూ ఉండే నిష్పత్తి మామూలుగా 2.86. ధూళి నీలాన్ని ఎక్కువగా కోసేస్తుంది కనుక ఆ నిష్పత్తి పెరుగుతుంది. ఎంత పెరిగిందో చూసి దిద్దుకోవచ్చు. కానీ తెర మరీ దట్టమైతే లోపలి గీతలు రెండూ మనదాకా రావు. వీధి అరుగు మీద కూర్చున్నవాళ్లను లెక్కపెట్టి ఇంట్లో ఎందరున్నారో చెప్పినట్టవుతుంది. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220 గెలాక్సీయే ఇందుకు ఉదాహరణ. అది సూర్యుడికి లక్ష కోట్ల రెట్లకు పైగా వెలుగుతుంది. ఆ వెలుగులో అత్యధిక భాగం పరారుణమే.

అలాగని పరారుణాన్ని గుడ్డిగా నమ్మలేం. ముసలి నక్షత్రాలు కూడా ధూళిని వెచ్చబెడతాయి. అందుకే స్పిట్జర్ పరారుణ దుర్భిణి వచ్చాక ఎర్రటి గీతనూ 24 మైక్రాన్ల పరారుణ కాంతినీ కలిపి లెక్కకట్టడం వాడుకలోకి వచ్చింది. ఒకటి తెర దాటి వచ్చిన వెలుగు, రెండోది తెర మింగిన వెలుగు. 2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం తీసే అతినీలలోహిత చిత్రాలనూ ఇలాగే పరారుణ చిత్రాల పక్కన పెట్టి చదవాలి.

ఇప్పుడు జేమ్స్ వెబ్ దుర్భిణి వంతు. అది 19 దగ్గరి సర్పిలాకార గెలాక్సీలను చూసింది. వాటిలో ఒకటైన, 3.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 628లో ధూళి తీగలు తీగలుగా, మధ్యమధ్య బుడగలుగా కనిపిస్తుంది. పసి గుచ్ఛాలు కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే తెర చీల్చుకుని బయటపడుతున్నాయి. మేఘాన్ని చెదరగొట్టే పని భారీ నక్షత్రాలు సూపర్నోవాలుగా పేలేదాకా ఆగడం లేదు. చాలాచోట్ల అంతకుముందే ఆ నక్షత్రాల వెలుగూ, వాటి నుంచి వీచే గాలులూ మొదలుపెట్టేస్తున్నాయి.