సన్నాహక సంవత్సరం: ముందు లెక్క, తరువాత ప్రయాణం

(విద్యా అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చదువు ఉచితమని విని, ఇంటర్ ముగిసిన పిల్లలను అక్కడికి పంపాలని మన కుటుంబాలు ఆలోచిస్తున్నాయి. ఆలోచన మంచిదే. కాని ఫీజు లేదన్న మాటకు ఖర్చు లేదని అర్థం కాదు. ఈ భేదం తెలియక ఇంటి స్థలం అమ్ముకుంటే ఆ నష్టం ఒక్క విద్యార్థితో ఆగదు. ఆ వెనుక చదువుకోవలసిన చెల్లెలి వరకు వస్తుంది.

కేవలం ఇంటర్ అర్హతతో వెళ్లేవారు సాధారణంగా ముందు స్టూడియెన్‌కొల్లెగ్ అనే సన్నాహక కోర్సు చదవాలి. దాని కాలం రెండు సెమిస్టర్లు. ప్రవేశ పరీక్షలో జర్మన్ భాషా పరిజ్ఞానాన్ని చూస్తారు. చివరి పరీక్ష తప్పితే మరొక్కసారి మాత్రమే రాయవచ్చు. ప్రభుత్వ కొల్లెగ్‌లలో బోధన రుసుము సాధారణంగా ఉండదు. ప్రైవేటు కొల్లెగ్‌లు వేల యూరోలు తీసుకుంటాయి.

ఇక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడి ప్రయాణానికి ముందు ఖర్చు: జర్మన్ భాషా శిక్షణ, పరీక్ష, ధ్రువపత్రాల పరిశీలనకు ఏపీఎస్ రుసుము 18,000 రూపాయలు, వీసాకు 75 యూరోలు, విమాన టికెట్. రెండవ గడి బ్లాక్డ్ అకౌంట్. 2024 సెప్టెంబరు నుండి ఇందులో 11,904 యూరోలు చూపాలి. యూరోను 100 రూపాయలుగా లెక్కించినా సుమారు 12 లక్షలు. అక్కడికి చేరాక నెలకు 992 యూరోలు మాత్రమే చేతికి వస్తాయి. అద్దె, భోజనం, ఆరోగ్య బీమా అన్నీ అందులోనే. మూడవ గడి మనవాళ్లు మరచిపోయేది: గది అడ్వాన్సు. చట్టప్రకారం అది మూడు నెలల అద్దె వరకు ఉండవచ్చు. ఈ సొమ్మును విడిగా ఉంచుకోవాలి.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. సన్నాహక సంవత్సరం చదువులో మొదటి మెట్టు మాత్రమే. ఆపైన డిగ్రీకి కనీసం మూడేళ్లు. నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు మళ్లీ ఆర్థిక స్తోమత చూపాలి. నాలుగేళ్లకు 47,616 యూరోలు, అంటే దాదాపు 48 లక్షలు. పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరుకుతుందన్న ఆశను ఆదాయం గడిలో రాయకండి. ఒక్క ఏడాదికే సొమ్మున్న కుటుంబం బిడ్డను నడిదారిలో నిలబెట్టే ప్రమాదముంది.

మరో దారి కూడా ఉంది. ఇక్కడ గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో డిగ్రీ మొదటి సంవత్సరం విజయవంతంగా పూర్తిచేసినవారు అదే విషయంలో నేరుగా ప్రవేశం కోరవచ్చు. అక్కడి ఒక ఏడాది ఖర్చు మిగులుతుంది, ఆ ఏడాదిలో భాష కూడా నేర్చుకోవచ్చు.

సాయం సంగతి చూద్దాం. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల వరకు ఇస్తున్నారు; అయితే అది పీజీ, పిహెచ్‌డీలకే. విదేశీ విద్యారుణాల వడ్డీపై రాయితీ ఇచ్చిన కేంద్రపు పఢో పర్‌దేశ్ పథకం 2022-23 నుండి నిలిచిపోయింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు ఇంటర్ దశలో మిగిలేది సొంత పొదుపు, బంధువుల సాయం, ఖర్జె హసనా మాత్రమే.

కనుక రెండు పనులు చేద్దాం. డిగ్రీ, సన్నాహక దశలకూ సాయం విస్తరింపజేయాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. అది మన హక్కు. మొహల్లాలలో వడ్డీలేని విద్యానిధులు నెలకొల్పుదాం. అది మన బాధ్యత. ఈ రాత్రి ఇంటికి వెళ్లి ఆ మూడు గళ్లు నింపండి. నాలుగేళ్ల మొత్తం కింద రాసి, కొడుకును, కూతురును ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఆ తరువాతే నిర్ణయం తీసుకోండి.