ఇస్తిఖారా: తెలియనివాడు సర్వజ్ఞుణ్ణి అడగడం

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



ఇటీవల ఒక తండ్రి నా వద్దకు వచ్చి, కుమార్తెకు వచ్చిన సంబంధం గురించి “హజ్రత్, మీరు ఇస్తిఖారా చేసి చెప్పండి” అని కోరారు. మీరు చేశారా అని అడిగాను. “మా వంటి పాపులకు కలలు ఎక్కడ వస్తాయి?” అన్నారు. ఆయన వినయం నన్ను కదిలించింది. కానీ ఆ మాటలో రెండు పొరపాట్లు ఉన్నాయి.

హజ్రత్ జాబిర్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. దైవప్రవక్త తమకు అన్ని వ్యవహారాల్లోనూ ఇస్తిఖారాను, ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా నేర్పేవారని ఆయన తెలిపారు. అది కొందరు పుణ్యాత్ములకే పరిమితమైన విద్య కాదు. ఆ హదీసులో కల ప్రస్తావనే లేదు.

అజ్ఞాన కాలపు అరబ్బులు ప్రయాణానికో, వివాహానికో ముందు హుబల్ విగ్రహం ఎదుట బాణాలతో జోస్యం చూసేవారు. అల్ మాయిదా సూరా 3వ ఆయతు దానిని నిషేధించింది. శకునం కోసం ఎదురుచూస్తూ, మరొకరిని మధ్యవర్తిగా నిలిపితే మనం ఆ బాణాల వైపే నడుస్తున్నట్టు కాదా?

విధానం సులువు. ఫర్జ్ కాని రెండు రకాతులు చదివి, దుఆ చేయాలి. దాని భావమిది: ప్రభూ! నీకు తెలుసు, నాకు తెలియదు. ఈ పని నా ధర్మానికి, జీవనానికి, పర్యవసానానికి మేలైతే దానిని నాకు సులభం చెయ్యి. కీడైతే దానిని నా నుండి, నన్ను దాని నుండి మళ్ళించు. మేలు ఎక్కడున్నా నాకు ప్రసాదించి, దానితో నన్ను తృప్తిపరచు. ‘నన్ను దాని నుండి’ అన్న మాటను గమనించండి. సంబంధం తప్పిపోయినా మనసు అక్కడే చిక్కుకుని ఉంటే బాధ తీరదు గదా!

అయితే హరామ్ విషయంలో ఇస్తిఖారా లేదు. వడ్డీ అప్పు తీసుకోవాలా, కట్నం ఎంత అడగాలి అన్నవి అల్లాహ్‌ను అడగదగిన ప్రశ్నలు కావు.

హజ్రత్ జైనబ్ (రజియల్లాహు అన్హా)కు సాక్షాత్తు దైవప్రవక్త నుండి వివాహ ప్రస్తావన వచ్చింది. అప్పుడామె పిండి కలుపుతున్నారు. తన ప్రభువును సంప్రదించనిదే ఏమీ చేయనని చెప్పి నమాజుకు నిలబడ్డారు. సహీహ్ ముస్లింలో ఈ సంఘటన ఉంది. అంతటి సంబంధానికే ఆమె స్వయంగా అడిగారు. అందుకే ఆ తండ్రితో అన్నాను: మీరూ చేయండి, మీ అమ్మాయినీ చేయనివ్వండి. అబ్బాయి గురించి తెలిసినవారిని విచారించండి కూడా.

ఎందుకంటే ఇస్తిఖారా చేతులు ముడుచుకోవడం కాదు. దైవప్రవక్త మరణించినప్పుడు సమాధిని ఏ పద్ధతిలో తవ్వాలన్న ప్రశ్న వచ్చింది. మదీనాలో పక్క గూడుతో తవ్వేవారొకరు, నేరుగా తవ్వేవారొకరు ఉండేవారు. సహచరులు మేలును ఎంచమని అల్లాహ్‌ను వేడుకుని, ఇద్దరికీ కబురు పంపారు. ముందు వచ్చినవారితోనే తవ్వించారు. వచ్చినది పక్క గూడుతో తవ్వేవారు. ఇబ్నె మాజా ఉల్లేఖనం ఇది. అంతటి దుఃఖంలోనూ వారు కలకోసం ఆగలేదు. వేడుకున్నారు, మనుషులను పంపారు.

ఆ దుఆ రానివారు జుమా నమాజు తర్వాత కాసేపు ఆగండి. కూర్చుని నేర్చుకుందాం.